డేట్ ముందు కడుపుబ్బరం: వాము నీళ్లా, కాల్షియమా, మాత్రా?

నిరుడు మాఘమాసంలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లి. పట్టుచీర మీదికి కుట్టించుకున్న జాకెట్టు ముహూర్తం రోజు పొద్దున నాకు పట్టలేదు. పై రెండు హుక్కులు అందాయి, కింది రెండూ ససేమిరా అన్నాయి. మూడు వారాల కిందట టైలర్ దగ్గర వేసి చూసుకున్నప్పుడు ఒంటికి అచ్చు గుద్దినట్టు సరిపోయిన జాకెట్టే అది. "పెళ్లి భోజనం తినకముందే ఇలా ఉబ్బావేంటే" అని మా అక్క నవ్వుతూ లోపలి నుంచి పిన్నీసు పెట్టింది. లెక్క చూసుకుంటే డేట్ ఇంకా మూడు రోజులుంది. టైలర్ దగ్గరికి వెళ్లిందేమో నెలసరి అయిపోయిన మర్నాడు.

ఆ పొద్దున నాకు ముగ్గురు వైద్యం చేశారు. పిన్ని వామూ నల్ల ఉప్పూ కలిపిన వేణ్నీళ్లు ఇచ్చింది. బాబాయి నిమ్మరుచి గ్యాస్ పొడి నీళ్లలో పొంగించి ఇచ్చాడు. మండపం ఎదురుగా ఉన్న మందుల షాపుకి అక్క కొడుకుని పంపిస్తే వాడొక చిన్న మాత్ర తెచ్చాడు, ఒంట్లో నీరు తీసేస్తుందట. అది వేసుకోలేదు, మిగతా రెండూ తాగాను. రెండు తేన్పులు వచ్చాయి. సాయంత్రానికి మాత్రం ఉంగరం వేలి నుంచి రాలేదు, సబ్బు పెట్టి తీయాల్సివచ్చింది. కారణం తర్వాత అర్థమైంది. నాకున్నది గ్యాస్ కాదు, నీరు. నీరు పట్టిన ఒంటికి రెండు గ్లాసుల్లో ఉప్పు పోశాం.

మన భాషలో 'ఉబ్బరం' అని ఒకే మాట ఉండటం వల్ల వచ్చిన తిప్పలివి. నెలసరి ముందు కడుపు బిర్రుగా అవడానికి కనీసం మూడు దారులున్నాయి. ఒకదానికి పనిచేసేది ఇంకోదానికి పనిచెయ్యదు, ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది కూడా. కాబట్టి ఏ మందు మంచిదని అడిగే ముందు మీది ఏ ఉబ్బరమో తేల్చుకోవాలి.

ముందు ఏదో తేల్చుకోండి

అండం విడుదలయ్యాక రెండు వారాల పాటు ఒంట్లో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుంది. అది గర్భసంచి కండరాన్ని సడలించినట్టే పేగు కండరాన్నీ సడలిస్తుంది. పేగు నెమ్మదిస్తే తిన్నది లోపల ఎక్కువసేపు ఉంటుంది, మలం గట్టిపడుతుంది, గ్యాస్ నిలుస్తుంది. ఇంకో పక్క ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ హెచ్చుతగ్గులు ఒంట్లో ఉప్పూ నీరూ నిలవుండే లెక్కను కదిలిస్తాయి. అందుకే రొమ్ములు బరువెక్కుతాయి, కాళ్లూ వేళ్లూ ఉబ్బుతాయి, తూకం కిలో దాకా, కొందరికి ఇంకాస్త పెరుగుతుంది. అది కొవ్వు కాదు, నాలుగు రోజుల్లో పోతుంది. నీరు పట్టడం చాలామందిలో నెలసరి మొదటి రోజున బాగా తెలుస్తుంది, ఆ తర్వాత దిగుతుంది. ఆ మొదటి రెండు రోజుల్లోనే గర్భసంచిని ముడుచుకునేలా చేసే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పేగుని కూడా కుదిపేస్తాయి. నిన్నటిదాకా మలబద్ధకంతో బాధపడ్డ మనిషి ఇవాళ నాలుగుసార్లు బాత్‌రూమ్‌కి పరిగెత్తేది అందుకే.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పొద్దున లేవగానే కడుపు మామూలుగా ఉండి, భోజనమయ్యాక పెరిగి, రాత్రికి డోలులా అవుతుంటే అది గ్యాసే. వేలితో తట్టితే చప్పుడు కూడా తేడాగా ఉంటుంది. పొద్దున లేచేసరికే ఉంగరం, మెట్టెలు బిగుసుకుని, మొహం కాస్త ఉబ్బి, సాక్సు తీస్తే గీత అలాగే నిలిచిపోతుంటే నీరు. రెండు మూడు రోజులుగా విరేచనం సరిగ్గా కాక పొట్ట కింద భాగం బరువుగా ఉంటే మలబద్ధకం. రెండు కలిసి ఉండటం మామూలే. నాకైతే నీరూ మలబద్ధకమూ, మా అక్కకు అచ్చంగా గ్యాసు. ఒకే ఇంట్లో, ఒకే వంట తిని.

రెండు నెలలు క్యాలెండర్ మీద మూడు అక్షరాలు రాసుకుంటే చాలు: గ్యాస్ ఉన్న రోజు గ, నీరున్న రోజు నీ, మలబద్ధకమైతే మ. ఫోన్లో యాప్ ఉన్నా సరే, పాలవాడి లెక్క రాసే క్యాలెండరైనా సరే.

గ్యాసైతే: వాము, సోంపు, సిమెథికోన్, పొంగే పొడి

వామూ, జీలకర్రా, సోంపూ మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. వాములో థైమాల్ అనే ఘాటైన పదార్థం ఉంటుంది, నమిలితే నాలుక మొద్దుబారేది దానివల్లే. వీటి మీద పెద్ద పరీక్షలు జరగలేదు గానీ, అర చెంచా వాము నమిలి వేణ్నీళ్లు తాగితే చాలామందికి అరగంటలో తేలికవుతుంది. నష్టమూ లేదు. ఒకటే షరతు, ఉప్పు కలపొద్దు. నల్ల ఉప్పయినా, సైంధవ లవణమయినా ఉప్పే, అందులో ఉండేదీ సోడియమే. కడుపులో మంట ఉన్నవాళ్లకు వాము కంటే సోంపు మంచిది, వాము ఘాటు పడకపోవచ్చు.

సిమెథికోన్ ఉన్న మాత్రలూ ద్రావణాలూ చిన్న చిన్న గ్యాస్ బుడగల్ని కలిపి పెద్దవి చేస్తాయి, దాంతో తేన్పుగానో కింది నుంచో బయటికి పోతుంది. రక్తంలో కలవదు కాబట్టి భయం తక్కువ. అయితే అది గ్యాస్ పుట్టకుండా ఆపలేదు, నీటి మీదైతే అస్సలు పనిచెయ్యదు. ఆఫీసులో మీటింగ్ ఉంది, అర్జెంటుగా తేలికవ్వాలి అంటే వాము నమలడం కంటే ఇదే నయం. కనీసం వాసన రాదు.

పొంగే పొడి విషయంలో నేను మొహమాటపడను. అందులో ప్రధానంగా ఉండేది సోడియం బైకార్బొనేట్, అంటే తినే సోడాయే, దానికి తోడు సిట్రిక్ యాసిడ్. ఛాతీలో మంటకి ఒకసారి తాగితే తాగండి. నెలసరి ముందు ఉబ్బరానికి మాత్రం వద్దు. అది కడుపులో కొత్తగా గ్యాసు పుట్టించి తేన్పు తెప్పిస్తుంది, ఆ తేన్పు చూసి మనం తగ్గిందనుకుంటాం, సోడియం ఒంట్లో మిగిలిపోతుంది. బీపీ ఉన్నవాళ్లు దాన్ని అలవాటుగా తాగకూడదు.

వీటన్నిటికంటే ఎక్కువ తేడా చూపించేది తిండి మార్పు, అదీ నెలంతా కాదు, ఆ ఐదారు రోజులే. శనగలు, అలసందలు, రాజ్మా, క్యాబేజీ, కాలీఫ్లవర్, పచ్చి ఉల్లిపాయ మానేసి, పెసరపప్పు చారో, బీరకాయో, సొరకాయో, పొట్లకాయో వండుకోండి. గుగ్గిళ్లు లేకపోతే ఉండలేను అంటే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఉడికించండి. గ్యాస్ పుట్టించే పిండిపదార్థం కొంత ఆ నీళ్లతోనే పోతుంది. పాలు పడని వాళ్లకు ఈ రోజుల్లో కాఫీ కూడా ఎక్కువ బాధపెట్టొచ్చు, పెరుగు మాత్రం సాధారణంగా పడుతుంది.

భోజనం చేసి మంచమెక్కకుండా పావుగంట నడిస్తే గ్యాసు కదులుతుంది. పవనముక్తాసనం పేరులోనే పని ఉంది, కాకపోతే ఆ ఆసనం వేసేటప్పుడు గదిలో ఒంటరిగా ఉండటం మేలు.

మలబద్ధకమైతే

ఇక్కడ పెద్దగా ఎంచుకునేదేమీ లేదు. ఇసబ్‌గోల్ ఒక చెంచా, ఒక పెద్ద గ్లాసు నీళ్లతో. నీళ్లు తక్కువైతే అది లోపల ముద్దకట్టి ఇంకా బిగుస్తుంది. డేట్‌కి వారం పది రోజుల ముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఉబ్బాక మొదలుపెడితే మొదటి రెండు రోజులు గ్యాస్ పెంచుతుంది. నానబెట్టిన ఎండుద్రాక్ష, జామపండు, మగ్గిన బొప్పాయి కూడా అదే పని నెమ్మదిగా చేస్తాయి. బొప్పాయి తింటే నెలసరి ముందే వచ్చేస్తుందన్న భయం పక్కన పెట్టొచ్చు, పండిన పండు అలాంటిదేమీ చెయ్యదు. సోనాముఖి ఆకు ఉన్న 'డిటాక్స్ టీ'లు మాత్రం ప్రతి నెలా తాగకండి. అవి పేగుని గిచ్చి లేపే రకం, కడుపునొప్పి అదనం.

నీరైతే: ముందు ఊరగాయ జాడీ, తర్వాత మాత్రలు

నీరు తగ్గాలంటే నీళ్లు తాగడం తగ్గించాలనుకుంటారు చాలామంది. అవసరం లేదు. తగ్గించాల్సింది ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే దాదాపు ఒక టీ చెంచా. మన దేశంలో సగటు వాడకం సుమారు 8 గ్రాములు. కూరలో ఉప్పు తగ్గిస్తే ఇంటిల్లిపాదీ గోల పెడతారు కాబట్టి కూరని వదిలేసి పక్కనున్న వాటిని చూడండి. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, మజ్జిగలో చారెడు ఉప్పు, సాయంత్రం మిక్చర్ పొట్లం, నూడుల్స్‌లో వచ్చే మసాలా పొట్లం. డేట్‌కి ముందు వారం నేను వీటిని మానేస్తాను, మానలేనప్పుడు ఆవకాయలో ముక్కని వదిలి కాస్త పిండి మాత్రం కలుపుకుంటాను. ఉప్పు తగ్గిస్తే ఉబ్బరం ఇంత తగ్గుతుందని చూపించే గట్టి పరీక్షలు లేకపోయినా, నా ఉంగరం మీద తేడా రెండో నెలకే కనబడింది. ఖర్చు లేని పని కాబట్టి అందరూ ముందు దీన్నే చేసి చూడాలని నా ఉద్దేశం.

బజార్లో దొరికే తక్కువ సోడియం ఉప్పులో సోడియానికి బదులు కొంత పొటాషియం ఉంటుంది. ఆరోగ్యవంతులకు బాగానే ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నా, బీపీకి కొన్ని రకాల మాత్రలు వాడుతున్నా, డాక్టర్ని అడక్కుండా ఇంటికి తేవద్దు.

ఇక సప్లిమెంట్లు. మూడింటి పేర్లు వినబడతాయి: కాల్షియం, మెగ్నీషియం, బి6 విటమిన్. ఇందులో నా ఓటు కాల్షియానికి, ఎందుకంటే దాని వెనకే కాస్త గట్టి ఆధారం ఉంది. 1998లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరీక్షలో 466 మందిలో కొందరికి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం, మిగతావాళ్లకు మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మూడో నెలకి కాల్షియం వాళ్లలో నెలసరి ముందరి బాధలన్నీ కలిపి 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వాళ్లలోనూ 30 శాతం తగ్గాయి! కాల్షియం నిజంగా సాధించింది ఆ పైనున్న తేడా మాత్రమే. "ఫలానా పొడి వాడాక నాకు బాగా తగ్గింది" అని ఎవరైనా చెబితే ఈ 30 శాతాన్ని గుర్తు తెచ్చుకోండి. ఇంకో విషయం, మూడు నెలలు పట్టింది. వారం వాడి పారేస్తే లాభం లేదు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. చవకగా దొరికే కాల్షియం కార్బొనేట్ కొందరికి గ్యాసూ మలబద్ధకమూ తెస్తుంది. ఉబ్బరానికని వేసుకున్న మాత్రే ఉబ్బరం తెస్తే ఎవరితో చెప్పుకుంటాం? అలాంటివాళ్లు సిట్రేట్ రకం అడగండి, ధర కొంచెం ఎక్కువ. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించి వేసుకుంటే ఒంటికి పట్టేది తక్కువ. థైరాయిడ్ మాత్రకీ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి, ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు. మనలో చాలామంది పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, దాని వెంటే మిగతా మాత్రలన్నీ ఒక్క గుటకలో మింగేస్తారు, దాంతో రెండిటికీ నష్టం. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టర్ని అడిగాకే.

తిండిలోంచి అయితే, పెద్దవాళ్లకు రోజుకు కావలసిన కాల్షియం మన దేశపు లెక్కలో 1,000 మిల్లీగ్రాములు. గ్లాసు పాలలో రెండు వందల పైచిలుకు, వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350. రాగిజావలో ఉప్పేసిన మజ్జిగ కాకుండా ఉప్పులేని పెరుగు కలుపుకుంటే ఒకే గిన్నెలో రెండు పనులు. పెద్దమనిషైన పిల్లకి చిమ్మిలి తినిపించే మన అలవాటులోనూ కాల్షియం ఉంది, నువ్వుల్లో అది పుష్కలం, కాకపోతే పాలల్లో కాల్షియం పట్టినంత బాగా ఒంటికి పట్టదు.

మెగ్నీషియం రోజుకు 200 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన ఒక చిన్న పరీక్షలో నీరు పట్టడం తగ్గింది, అదీ రెండో నెలలో. ఆధారం పలచనే. కానీ మెగ్నీషియం విరేచనాన్ని కాస్త వదులు చేస్తుంది కాబట్టి నాలా నీరూ మలబద్ధకమూ రెండూ ఉన్నవాళ్లకు కాల్షియం కంటే ఇదే సుఖం. నేను వాడేది ఇదే. విరేచనాలు పలచగా అయ్యేవాళ్లకూ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకూ పనికిరాదు.

బి6 నేను సూచించను. దాని పరీక్షలు అంతంతమాత్రం, మోతాదు ఎక్కువైతే చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కేలా నరాలు దెబ్బతింటాయి. చాలా మల్టీవిటమిన్లలో ఇప్పటికే ఉంటుంది కాబట్టి తెలియకుండానే రెట్టింపవుతుంది.

డాక్టర్ చీటీతో వచ్చేవి

పెళ్లినాడు మా వాడు తెచ్చిన 'నీరు తీసే మాత్ర' ఫ్యూరోసెమైడ్. గుండె, కిడ్నీ రోగులకు వాడే గట్టి మందు. జాకెట్టు పట్టలేదని వేసుకునేది కాదు. నీటితో పాటు పొటాషియం కూడా పోతుంది, ఆపాక ఒళ్లు మళ్లీ నీరు పట్టించుకుంటుంది, అది చూసి మళ్లీ వేసుకుంటారు. షాపువాడు చీటీ లేకుండా ఇచ్చినా తీసుకోకండి.

నీరు నిజంగా బాధపెడుతుంటే గైనకాలజిస్టులు రాసేది ఎక్కువగా స్పైరోనోలాక్టోన్. నెలంతా అక్కర్లేదు, అండం విడుదలయ్యాక వచ్చే రెండు వారాలు చాలు. ఉబ్బరానికీ రొమ్ముల సలపరానికీ ఇది పనిచేస్తుంది. కానీ గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు వాడకూడదు, పొటాషియం పెరగకుండా రక్తపరీక్ష చేయించాలి, నెలసరి కాస్త గతి తప్పొచ్చు. ఇది వాడుతూ రోజూ కొబ్బరినీళ్లు తాగేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌తో చెప్పాలి.

రెండో దారి డ్రోస్పైరినోన్ ఉన్న గర్భనిరోధక మాత్ర. డ్రోస్పైరినోన్ స్పైరోనోలాక్టోన్‌కి చుట్టమే, నీటిని నిలవనీయదు. నెలసరి ముందు మనసు బాగా కుంగిపోయే తీవ్రమైన పరిస్థితికి ఈ రకం మాత్రని అమెరికాలో 2006లో అనుమతించారు. గర్భనిరోధం కూడా కావాలనుకునే వాళ్లకు స్పైరోనోలాక్టోన్ కంటే ఇదే కలిసొస్తుంది. మొదటి రెండు మూడు నెలలు మాత్ర వల్లే ఉబ్బరం, వికారం ఉండొచ్చు, అప్పుడే మానేయకుండా చూడాలి. రక్తం గడ్డకట్టే ముప్పు పాత రకం మాత్రల కంటే దీనితో కాస్త ఎక్కువ. పొగతాగే అలవాటుండి 35 దాటినవాళ్లు, కళ్ల ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నవాళ్లు, కుటుంబంలో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

నొప్పి మాత్ర గురించి ఒక మాట. కడుపునొప్పికి మనం ఎక్కువగా వేసుకునేవాటిలో మెఫెనమిక్ యాసిడ్, డైసైక్లోమిన్ కలిసి ఉంటాయి. మొదటిది నొప్పికి మంచిదే గానీ ఉప్పూ నీరూ కాస్త నిలవచేస్తుంది. రెండోది పేగుని ఇంకా నెమ్మది చేస్తుంది. అంటే నొప్పి పోతుంది, ఉబ్బరం మిగులుతుంది. ఉబ్బరం ఉండి నొప్పి తక్కువగా ఉన్న రోజు దీన్ని పక్కనపెట్టి వేణ్నీళ్ల సంచీతో కాపడం పెట్టుకోండి. నొప్పి భరించలేకుండా ఉన్న రోజు వేసుకోవాల్సిందే, ఎవరూ సహించి కూర్చోనక్కర్లేదు, తిన్నాకే వేసుకోండి. మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023 నవంబరు చివర్లో భారతీయ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. మాత్ర వేసుకున్న తర్వాతి వారాల్లో జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, బిళ్లలు కట్టడం కనిపిస్తే ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పిల్లలు కలగాలని ప్రొజెస్టరాన్ మాత్రలో ఇంజెక్షన్లో తీసుకుంటున్నవాళ్లకు ఇదే ఉబ్బరం వారాల తరబడి ఉంటుంది. వాళ్లకు నడకా, ఇసబ్‌గోలూ, ఉప్పు తగ్గించడమూ తప్ప పైన చెప్పిన మాత్రలేవీ సొంతంగా వద్దు. ఐవీఎఫ్ ఇంజెక్షన్ల తర్వాత పొట్ట హఠాత్తుగా ఉబ్బి, ఊపిరి ఆడక, మూత్రం తగ్గితే రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి.

నెలసరితో పాటు దిగని ఉబ్బరం

నెలసరి వచ్చి నాలుగైదు రోజులకి దిగిపోవడం హార్మోన్ల ఉబ్బరం గుర్తు. దిగకుండా నెలలో పన్నెండు రోజులకు పైగా ఉంటే, రెండు ముద్దలకే కడుపు నిండిపోతుంటే, మూత్రానికి మాటిమాటికీ వెళ్లాల్సి వస్తుంటే, కారణం లేకుండా బరువు తగ్గుతుంటే, ముఖ్యంగా యాభై దాటినవాళ్లయితే, వాము డబ్బా మూసేసి అండాశయాల స్కానింగ్‌కి వెళ్లండి. డేట్ దాటిపోయి ఉబ్బరం ఉంటే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్.

ఇంకో సలహా మన ఊళ్లలో తరచూ వినిపిస్తుంది: "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించుకుంటే పోలా?" ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలోనే ఎక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్లలో దేశం మొత్తం మీద సుమారు 3 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతం దాకా. ఉబ్బరం కోసం ఆ పని చేస్తే ఫలితం ఉండదు. హార్మోన్లు వచ్చేది అండాశయాల నుంచి, గర్భసంచి నుంచి కాదు. అది పోయినా అండాశయాలు ఉన్నంతకాలం నెలకోసారి ఉబ్బరం అలాగే వస్తుంది. క్యాలెండర్ మీద ఎర్ర గుర్తు లేకపోవడంతో అదెందుకొచ్చిందో మాత్రం తెలియదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ రెండు నెలల క్యాలెండర్ కాగితం, ఇప్పుడు వాడుతున్న మాత్రల ఖాళీ అట్టలు సంచిలో వేసుకోండి. క్యాలెండర్లో 'నీ' ఎక్కువుంటే గైనకాలజిస్టు దగ్గరికి, నెల పొడవునా 'గ', 'మ' నిండి ఉంటే ముందు జీర్ణకోశ వైద్యుల దగ్గరికి.